వెనక బెంచీ వాడు

జూన్ 3
కళ్లజోళ్లొచ్చాయి! పన్నెండు! ఒక్కొక్కటీ గుర్రం గంతలంత. తగిలించుకుంటే ఎదురుగా ముప్పై మంది బొమ్మపిల్లలతో ఆరో తరగతి. కాబోయే టీచర్లు వాళ్ల మీద పాఠం ప్రాక్టీసు చేయాలట. ఈ టీచర్ ట్రైనింగ్ కాలేజీలో కంప్యూటర్ రూం అటెండర్ని కనుక తాళాలు నావే.

ఒకడు తల తిరుగుతోందన్నాడు. ఒకావిడ, సుద్దముక్క పట్టనిది కూడా ఒక బడేనా అంది. ఇంగ్లిషు పాఠం చెప్పే అబ్బాయి బల్లకు గుద్దుకుని బొమ్మపిల్లకు సారీ చెప్పాడు.

జూన్ 5, మధ్యాహ్నం
కనిపెట్టాను! వెనక బెంచీ బొమ్మకు మైకుంది. పక్కగదిలో తెర మీద చూస్తూ నేను మాట్లాడితే వాడు పిల్లాడి గొంతుతో పలుకుతాడు. ఆరో తరగతి ఎగ్గొట్టిన యాభై రెండేళ్లవాణ్ణి, మళ్లీ బళ్లో పడ్డాను. సైన్సావిడతో జడ ఊడింది టీచర్ అన్నాను. తడుముకుంది. నవ్వాపుకోలేక చచ్చాను.

జూన్ 6
కంప్యూటర్ భలే తెలివైందని చెప్పుకుంటున్నారంతా. జన్మలో నన్నిలా ఎవరూ పొగడలేదు.

జూన్ 9
వణుకమ్మ వచ్చింది. పేరు నేనే పెట్టాను. పిల్లల ముందు నిలబడితే చేతిలో సుద్దముక్క కూడా వణుకుతుంది. కిందటేడు పాఠం చెప్పే పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే ఇక టీచరుద్యోగం మాటే లేదు. భిన్నాలు మొదలెట్టగానే, టీచర్, మీకొచ్చా అసలు అన్నాను. కళ్లజోడు తీసి పెట్టి వెళ్లిపోయింది. అద్దాలు లోపల తడిగా ఉన్నాయి. తుడిచాను.

అన్నం సయించలేదు. ఇవాళ నోటికి తాళం పడిందేంటయ్యా అంది మా ఆవిడ.

జూన్ 11
మళ్లీ వచ్చింది! ఇక్కడ పరువు పోయినా బొమ్మల ముందేగా అంటోంది స్నేహితురాలితో. తిన్నగా నా బెంచీ దగ్గరకొచ్చి, ఏం నాన్నా, లెక్కలంటే అంత కోపమెందుకు అని అడిగింది. ఎందుకో నిజం చెప్పేశాను. భిన్నాలు తప్పు చేశానని మాస్టారు వరండాలో నిలబెట్టాడు, అట్నుంచటే ఇంటికెళ్లా, మళ్లీ బడి మొహం చూళ్లేదు అని.

వెనక్కి బోర్డు దగ్గరకెళ్లింది. గుండ్రంగా రొట్టె గీసింది. అరకు పావు కలిపితే ముప్పావని ఏ కొట్లోనైనా చెప్తాను. కాగితం మీదైతే కింది అంకెలు కూడా కలిపేసేవాణ్ణి. ముందు ముక్కలన్నీ ఒకే సైజు చెయ్యాలట, తర్వాత లెక్కపెట్టాలట. ఓస్, ఇంతేనా! నాకు తలకెక్కేదాకా వదల్లేదు. ఆవిడ చెయ్యి వణకలేదు.

జూన్ 18
పరీక్ష. మార్కులు వేయడానికి బయటి నుంచి ఒక పెద్ద మేడం వచ్చింది. బొమ్మల అల్లరి పూర్తిగా పెంచమన్నాడు ప్రిన్సిపాల్. పెంచాను. ఇరవై తొమ్మిది బొమ్మలూ ఒకటే గోల. వణుకమ్మ వాళ్లను వదిలేసి నన్ను లేపింది. అర, పావు కలిపితే ఎంతరా అంది. మైకు దగ్గరకు లాక్కున్నాను. తప్పు చెప్తే ఆవిడ పని అయిపోయినట్టే.

మూడు బై నాలుగు టీచర్ అన్నాను. ఎందుకు అంది. ముక్కలన్నీ ఒకే సైజు చేశాం కదా అన్నాను. పెద్ద మేడం పెన్ను పక్కన పెట్టి వింటోంది.

పాసైంది! పాసైంది! పాసైంది!

జూన్ 20
కళ్లజోళ్ల మీద అందరి అభిప్రాయాలూ రాయించారు. వణుకమ్మ ఒక్క ముక్కే రాసింది, వెనక బెంచీ వాణ్ణి ఏడో తరగతికి పంపండి అని.

దానికి బటన్ ఉందా అని నన్నడిగాడు ప్రిన్సిపాల్.

ఉందండీ అన్నాను.