అత్తయ్య దినార్లు

ఏవండీ, నా మాట విని ఆగినందుకు అత్తయ్య కంటిచూపు పోతుందేమోనని భయంగా ఉంది. ఆపరేషన్ కోసం ఆవిడ కువైట్ నుంచి దాచి తెచ్చుకున్న దినార్లు మార్చడానికి కూకట్‌పల్లి వెళ్తున్నాను. ఎంతొస్తే అంతే, ఇక ఆగను. పాపని తీసుకెళ్తున్నాను. మీరు రాగానే ఆస్పత్రికి ఫోన్ చేసి ఆపరేషన్ ఏ రోజో అడగండి.

చమురు ధర పెరుగుతోంది, రూపాయి ఇంకా పడుతుంది, దినారుకి ఎక్కువొస్తుంది అని టీవీ చూసి చెప్పింది నేనే. ఇప్పుడు చమురు దిగింది, విదేశాలవాళ్ళు మన షేర్లు కొన్నారట, రూపాయి లేచింది. తొమ్మిదితో చదువాపేసిన నన్ను పట్టుకుని “మా కోడలికి అన్నీ తెలుసు” అని ఆవిడ చర్చిలో చెప్పుకున్నారు. ఇప్పటికీ ఒక్క మాట అనలేదు.

బాగానే కనిపిస్తోందంటారు, నమ్మకండి. మంచి కన్ను మూయించి, ఎదురుగా నిలబడి, మీ మొహం ఆనుతోందేమో అడిగి చూడండి.