టైలరింగ్ షాపులో అణుశక్తి

అమ్మాయికి,
బాబాయి ఆశీస్సులు. మీ నాన్నకీ నాకూ చెడింది. ఒక కాలర్ దగ్గర మొదలై పాతవన్నీ బయటికొచ్చాయి. షాపు పంచేసుకుంటున్నాం. నువ్వు అణువిద్యుత్ కేంద్రంలో ఇంజనీరువి కదా, అక్కడ చీలిస్తేనే శక్తి పుడుతుందట. ఆ సంగతి రెండు ముక్కల్లో రాయి. అన్నయ్యకి వినిపిస్తాను.
నీ బాబాయి
తా.క. మాటల్లేవు కాబట్టి నాకు నేనే పైకి చదువుకుంటాను. వింటే ఆయన అదృష్టం.

బాబాయికి నమస్కారాలు.
యురేనియం లాంటి బరువైన కేంద్రకానికి న్యూట్రాన్ తగిలితే అది రెండుగా చీలుతుంది. బోలెడు వేడి పుడుతుంది. దాంతో నీళ్లు మరిగించి, ఆ ఆవిరితో కరెంటు తీస్తాం. కానీ చీలినప్పుడల్లా ఇంకో రెండు మూడు న్యూట్రాన్లు ఎగిరి పక్కవాటినీ చీలుస్తాయి. ఆ అదనపువాటిని మింగడానికి మా దగ్గర కడ్డీలున్నాయి. మీకు లేవు. విడిపోకండి బాబాయ్, ఆ షాపు లేకపోతే నాకు పుట్టిల్లే లేనట్టు.
మీ అమ్మాయి
తా.క. ఉత్తరం చివరిదాకా చదవండి.

అమ్మాయికి,
"వేడి పుడుతుంది" దాకా చదివి, ఉత్సాహం ఆగక మధ్యలో ప్లైవుడ్ గోడ కొట్టించేశాను. మిగతాది ఇవాళే చదివాను. మమ్మల్ని చూసి కటింగ్ మాస్టారు విడిపోయి ఎదురుగా షాపు పెట్టాడు. ఆయన్నుంచి కాజాలు కుట్టేవాడు విడిపోయాడు. ఇస్త్రీ అతను ఎవర్నుంచి విడిపోవాలో తెలీక బల్లతో సహా వెళ్లిపోయాడు. బడి యూనిఫారాలు పీకల మీదున్నాయి. ఇవ్వలేకపోతే షాపుకి తాళమే. ఊరుకుంటే దానంతటదే సర్దుకునే పద్ధతేదైనా మీ సైన్సులో ఉందా?
నీ బాబాయి
తా.క. మిషను సూది ఆయన వాటాకీ, తొక్కే పలక నా వాటాకీ వచ్చాయి.

బాబాయికి,
ఉంది, క్షయం అంటాం. కొన్ని కేంద్రకాలు ఎవరూ ముట్టుకోకపోయినా వాటంతటవే విరిగి శక్తి వదులుతాయి. కొంతకాలానికి సగం మిగులుతాయి, మళ్లీ అంతే కాలానికి అందులో సగం. తొందరపెట్టలేం. కొన్నిటికి వేల ఏళ్లు పడుతుంది, మీ కోపాలు ఆ జాతివే.
కలిసినా శక్తే పుడుతుంది. తేలికైన కేంద్రకాలు కలిసిపోవడం వల్లే సూర్యుడు వెలుగుతున్నాడు. కాకపోతే అవి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. దగ్గర చేర్చాలంటే విపరీతమైన వేడీ ఒత్తిడీ కావాలి. అది మన చేతుల్లో లేదు. మీరే కలవండి.
మీ అమ్మాయి
తా.క. "తేలికైన" అన్నది మిమ్మల్ని కాదు.

అమ్మలూ,
పిన్నిని. నీ ఉత్తరం ఈసారి మీ బాబాయి కంటే ముందు నేను చదివాను. గోడ పీకించాను. బావగారినీ మీ బాబాయినీ లోపలుంచి, మధ్యలో యూనిఫారాల గుడ్డ పడేసి, ఫ్యాను ఆపి షట్టర్ దించేశాను. పైన రేకులు, మిట్టమధ్యాహ్నం. కిటికీలోంచి మంచినీళ్లిస్తున్నాను, కంగారుపడకు.
ముందు సూదీ పలకా మిషనుకి బిగిస్తున్న చప్పుడైంది. తర్వాత మీ నాన్న "ఒరే, ఆ దారం ఇలా ఇయ్యి" అనడం వినిపించింది. ఇంకాసేపటికి ఇద్దరూ ఏకమై నన్ను తిట్టడం మొదలుపెట్టారు. ఎన్నాళ్లకి వాళ్లిద్దరి గొంతూ కలిసిందో! బయట స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను.
నీ పిన్ని
తా.క. ఆఖరి చొక్కాకి గుండీలు పడుతున్నాయి. ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చి షట్టర్ తీస్తాను.