నిమ్మకాయ తొక్క

శుక్రవారం, నాచారం.

ఎంత సంతోషమో! మా అమ్మాయి స్వప్న తన జీతంతో బట్టల మెషిన్ కొన్నది. కింద వాషర్, దాని నెత్తిన డ్రయ్యర్. కొత్త బండి చక్రాల కింద పెట్టినట్టు మెషిన్ కాళ్ల కింద నిమ్మకాయలు పెట్టించి మొక్కాను. నలిగిన తొక్క ఒకటి ఒక కాలి కిందే ఉండిపోయింది, నేను చూసుకోలేదు. మెషిన్ బట్టలు పిండుతుంటే పైనున్న డ్రయ్యర్ ఊగిపోయింది. నా బిడ్డ దాని ముందే నిలబడి ఉంది! నా ప్రాణం పోయినంత పనైంది.

పిలిపిస్తే మెకానిక్ వచ్చి తొక్క తీసి, రెండింటినీ కలిపి ఉంచే పట్టీలు బిగించాడు. "కాళ్లు సమానంగుంటే పదేండ్లు నడుస్తది తాతా, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

నా భయం తగ్గలేదు. "పిండేటప్పుడు నన్ను పిలువు బిడ్డా, నేను పట్టుకుంట" అన్నాను.

"నీ మీద పడితే ఎట్ల నాయినా?" అని నవ్వింది.

ఆ భయమైతే నాకు లేదు, నా భయమంతా తన మీద పడుతుందనే. రేపు పొద్దున బరువు దుప్పట్లు వేస్తుందట...