అక్క తీసిన వాగ్దానం

నల్లగొండ,
25 అక్టోబరు 1990, గురువారం.

ప్రియమైన అమృతక్కకు,

ప్రభువు పేరున నీకూ బాపుకూ వందనాలు. నేను క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను. ఉత్తరం ఇట్లాగే మొదలుపెట్టాలని నాలుగో తరగతిలో నేర్పారు కాబట్టి రాశాను. అసలు సంగతి చెప్పే ముందు నాకొక కోపం ఉంది, దాన్ని తీర్చుకోనీ.

పోయిన వారం బాపు రాయించిన ఉత్తరంలో, బిడ్డా నీకు చదువు తలకెక్కింది, మా మట్టిగోడలు నీకు నామోషి అయినయి, గందుకే నెల దాటినా ఇంటి మొకం చూస్తలేవు అన్నాడు. సత్తమ్మత్త ఇంకా ముందుకు పోయిందట. ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి ప్రభువు బల్ల ఆరాధనలో పంచే రొట్టె నేను ముట్టకుండా పళ్ళెం పక్కకు జరిపాననీ, తన రెండు కళ్ళతో చూసిందనీ, నల్లగొండల ఎవడో పిల్లగాడు లేంది గిట్ల జరగదనీ బోరింగు కాడ చెప్పిందట. ప్రార్థనలో కళ్ళు మూసుకునే అలవాటు అత్తకు ఎప్పుడూ లేదు.

అత్తకు చెప్పు, ఇక్కడ నాకు తెలిసిన మగమనుషులు ఇద్దరే. ఒకాయన మా హెడ్‌మాస్టరు. రెండో ఆయన గంట కొట్టే అహ్మద్ అలీ తాత, ఆయనకు మునిమనవళ్ళున్నారు. ఇక గోడలంటావా, ప్రతి క్రిస్మసుకూ ఎర్రమన్ను కలిపి వాటిని అలికింది నువ్వూ నేనూ కాదా? బాపు అన్నది ఒక్కటి మాత్రం నిజం. నామోషి ఉంది. గోడలను చూసి కాదు.

నేను లెక్కల టీచరు షరీఫున్నీసాతో కలిసి ఒక గదిలో కిరాయికి ఉంటున్నాను. ఆమె వండితే కూరలో నూనె తేలుతుంది, నేను వండితే నీళ్ళు తేలుతాయి. బడిలో నేను తెలుగు చెబుతాను. సోమవారం పొద్దున ప్రార్థనలో వాక్యం చెప్పేదీ నేనే. ఒక వాక్యం చదివి, దాన్ని ఆ వారమంతా మన బ్రతుకులో ఎట్లా ఆచరించాలో పిల్లలకు విడమరచాలి. అందులో నాకు మంచి పేరు వచ్చింది. నీ మాట అవునంటే అవునుగా, కాదంటే కాదుగా ఉండాలి అన్న దాన్ని చూచిరాతలకూ, హాస్టలులో దొంగిలించిన సబ్బులకూ అన్వయించి చెబితే ఇద్దరు పిల్లలు ఏడ్చి సబ్బులు తెచ్చి ఇచ్చారు. హెడ్‌మాస్టరు మెచ్చుకున్నారు. ఆ దినం నాకు అన్నం పోలేదు.

ఇప్పుడు నీ పోస్టుకార్డు సంగతి. పదహారో తేదీన అందింది. ఇస్రాయేలు మల్ల అడగనంపిండు, నవంబరు మొదటి ఆదివారం దాక ఆగుతరట, గప్పటికి మనం ఏ మాటా చెప్పకుంటె వేరే సంబంధం ఖాయం చేసుకుంటరట అని రాశావు. నా గురించి ఫికర్ వద్దు, రెండు జొన్నరొట్టెలు కొట్టుకునుడు నాకు రాదా అని బాపు అంటున్నాడని రాశావు. చివర, నాకొచ్చిన మాట ఉండుమనే చెప్పింది గద, గది అమ్మ ఉన్నన్ని దినాలకేనా, ఈ ఏడాదికేనా, బతికినన్ని దినాలకా, నువ్వు చదువుకున్నదానివి, జర విడమరిచి రాయి అని అడిగావు.

మొన్న జవాబు రాశాను కూడా. నువ్వు తీసిన ఆ మాట కరువు కాలంలో ఇస్సాకుతో దేవుడు అన్నది. తిండి లేక ఐగుప్తుకు దిగిపోదామని చూస్తున్నవాణ్ణి ఆపి, ఈ దేశంలోనే ఉండు, నేను తోడుంటాను, దీవిస్తాను అన్నాడు. అది ఆ మనిషికి, ఆ కరువుకు చెప్పిన మాట. కరువు తీరాక కూడా ఉండిపొమ్మని కాదు. అమ్మ మంచం పట్టిన కాలం నీకు కరువనుకుంటే, జూలైలో అమ్మ పోవడంతో అది తీరిపోయింది. కాబట్టి నువ్వు ఇస్రాయేలును చేసుకుని జడ్చర్లకు పోవచ్చు. రెండు పేజీలు వచ్చింది. ఎక్కడా తప్పు లేదు. ఎవరైనా దిద్దితే పదికి తొమ్మిది వేస్తారు. కవరులో పెట్టి, మళ్ళీ తీసి చించేశాను.

షరీఫున్నీసా చూసి ఏందే, గంత మంచిగ రాసి చింపుతున్నవ్ అన్నది. ఆమెకు మన పద్ధతి తెలియదు కదా, చెప్పాను. జనవరి ఒకటో తేదీన మా గుడిలో వాగ్దానం కార్డులు పళ్ళెంలో బోర్లా పరుస్తారు, ప్రార్థన చేసుకుని ఒకటి తీస్తాం, దాని మీద ఏ వాక్యం ఉంటే అదే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అనుకుంటాం, మా అక్క ఆ మాట మీద పెళ్ళి కాదనుకుంది అన్నాను. ఆమె దువ్వెనతో చిక్కు తీసుకుంటూ, మరి కార్డులు ఎవరు రాస్తరు అన్నది. నేనే అన్నాను. అరె, గట్లయితె సగం దేవుని చేతుల, సగం నీ చేతుల అని నవ్వింది. ఉత్త పరాచికానికే అన్నది. నాకు మాత్రం ఆ పూటంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్కా, పోయిన క్రిస్మసు నుంచి చెబుతాను.

బి.ఏ. ముగించి వచ్చి ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాను. ఆ ఆరు నెలలూ అమ్మను పక్కకు తిప్పింది నువ్వు, జావ తాగించింది నువ్వు, గుడ్డలు ఉతికింది నువ్వు. నేను వాకిట్లో పాత పేపర్లు చదివాను. పక్షవాతంతో అమ్మ నోరు పడిపోయి నాలుగేళ్ళయినా ఆమెకేం కావాలో నీకు తెలిసేది. నేను ప్రతిసారీ నీళ్ళా, నీళ్ళా అని అడిగేదాన్ని.

డిసెంబరు ఇరవైన నాకు ఈ ఉద్యోగం కాగితం వచ్చింది, జనవరి ఎనిమిదిన చేరాలని. ఇరవై ఐదున ఇస్రాయేలు తన బిడ్డను తీసుకుని మన ఆత్మకూరులో వాళ్ళ చుట్టాలింటికి వచ్చాడు. ఆ పిల్ల గుడిలో నీ ఒళ్ళో నిద్రపోయింది. నువ్వు కాలు తిమ్మిరెక్కినా కదలలేదు. రెండు దినాలకు మన గుడి అయ్యగారే వచ్చి సంబంధం అడిగారు. భార్య పోయి మూడేళ్ళయింది, జడ్చర్లలో లైన్‌మన్ ఉద్యోగం, తాగుడు లేదు అన్నారు. బాపు, కరెంటాయనకిస్తె మా బిడ్డ ఇంట్ల చీకటుండదు తియ్యుండ్రి అని నవ్వాడు. నువ్వు తల ఎత్తలేదు. నీ మెడ ఎర్రబడడం నేను చూశాను. తర్వాత ఎవరూ చూడకుండా బీరువా మీది గులాబీరంగు గుడ్డ దించి ఆ పిల్లకు గౌను కుట్టడం కూడా చూశాను.

నువ్వు పోతే అమ్మ దగ్గర ఎవరుంటారని ఎవరూ పైకి అనలేదు. బాపు ఒకసారి నా వైపు చూసి, తల తిప్పుకున్నాడు. నువ్వే అన్నావు, ఇప్పుడేం చెప్ప, కొత్త సంవత్సరం మాట రానియ్యుండ్రి, దేవుడు పొమ్మంటె పోత, ఉండుమంటె ఉంట అని.

అప్పటికి అయ్యగారు నాకు నూట ఇరవై కార్డులు రాసే పని ఇచ్చి ఉన్నారు. పాత పెళ్ళిపత్రికల వెనక తెల్లభాగం కత్తిరించి, నల్లసిరాతో వాక్యం, ఎర్రసిరాతో అధ్యాయం. అన్నీ దీవెనలే ఏరాలి, గద్దింపులు రాయవద్దని అయ్యగారి ఆజ్ఞ. అందుకే సెంటు భూమి లేని బీరన్నకు కొట్లు ధాన్యంతో నిండుతాయని వచ్చింది. ఉన్న జాగల నేను పండాల్నా, కొట్టం కట్టాల్నా అయ్యగారూ అని అడిగాడు. సత్తమ్మత్తకు పిల్లలు ఒలీవ మొక్కల్లాగా బల్ల చుట్టూ ఉంటారని వస్తే, గీ వయసుల నాకు మల్ల కానుపా దేవుడా అని నెత్తి కొట్టుకుంది, గుడంతా నవ్వింది. నువ్వు అక్కడ లేవు. అమ్మ దగ్గర ఉన్నావు. అందుకే నీకోసం ఐదు కార్డులు రుమాల్లో కట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఆ ఐదింటిలో ఇస్సాకు మాట ఉన్నదొకటి. అది పళ్ళెంలో నుంచి తనంతట వచ్చి చేరింది కాదు. నీకోసం ఏరి నేను పెట్టింది. నీ చేతికి అదే రావాలని కోరుకున్నాను. ఇంకొకటి కూడా నాకు తెలుసు. ఆ మాట విన్న ఇస్సాకు, నాలుగు వచనాలు తిరగకుండానే, ఊరివాళ్ళకు భయపడి తన భార్యను చెల్లెలని అబద్ధమాడాడు. అది తెలిసే ఆ వాక్యం రాశాను. కార్డు మీద అంత జాగా ఉండదు కదా, దీవెన వరకే పట్టింది.

నువ్వు చేతులు కడుక్కుని, కొంగు తలమీదికి లాక్కుని, అమ్మ మంచం పక్కన మోకరించావు. పొయ్యి మీద అన్నం మాడు వాసన వచ్చేదాకా లేవలేదు. తర్వాత ఒకటి తీసి, అక్షరం కింద వేలు పెట్టి కూడబలుక్కుని చదివావు. మంచిగ చెప్పిండు దేవుడు అన్నావు. నీ రాత ముత్యాల లెక్కుంది రిబ్కా అన్నావు. రెండు అన్నం మెతుకులతో ఆ కార్డును అమ్మ తలాపున గోడకు అంటించి, పొయ్యి దగ్గరికి పోయావు. చాలాసేపు బయటికి రాలేదు. నేను లోపలికి రాలేదు. గౌను మాత్రం అయ్యగారి చేతికిచ్చి ఆ పిల్లకు పంపావు.

తనను తాను పరీక్షించుకుని గాని ఎవరూ ప్రభువు బల్ల రొట్టె తినవద్దని బైబిల్లో రాసి ఉంది. పరీక్షించుకున్నాను, అందుకే పళ్ళెం జరిపాను. పిల్లగాని కోసం కాదని అత్తకు చెప్పు.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు ఇది: ఆ కార్డు నిన్ను ఆపవద్దు. పొమ్మని నేను చెప్పను, ఉండమనీ చెప్పను. ఇంకో వాక్యం ఏరి నీకు పంపే అర్హత నాకు లేదు. ఇస్రాయేలుకు ఏం చెప్పాలన్నది నీ ఇష్టం.

బాపును కళ్ళ మందు మరవవద్దని చెప్పు.

నీ చెల్లెలు,
రిబ్కా

తా.క. ఈ ఉత్తరం నువ్వు బాపు ముందు, సత్తమ్మత్త ముందు పైకి చదువుతావని తెలిసి, వాళ్ళ చెవులకు తగినంత వరకే పైన రాశాను. సంతకం పెట్టాక చదువుకుంటే మళ్ళీ అదే పని చేశానని తెలిసింది. దీన్ని కూడా పైకే చదువు.

ఐదింటిలో ఆ మాట ఉన్నదొకటి అన్నాను. అది అబద్ధం. ఐదింటి మీదా అదే రాశాను. నువ్వు ఏది తీసినా అదే వచ్చేది. నేను ఉండను అని నా నోటితో చెప్పే ధైర్యం లేక, ఉండుమని నీకు దేవుని నోటితో చెప్పించాను.

నువ్వు పొయ్యి దగ్గర ఏడుస్తున్నావని తెలిసి, లోపలికి రాకుండా, మిగిలిన నాలుగు కార్డులు తిప్పి చూసుకుని వాకిట్లో నీళ్ళు కాగే పొయ్యిలో వేశాను. వెనక్కి తిరిగితే అమ్మ మంచం మీద నుంచి నన్నే చూస్తున్నది. ఆమె కళ్ళముందే తిప్పి చూశాను. అమ్మకు చదువు రాకున్నా, నాలుగూ ఒకే తీరుగా ఉన్నాయని తెలియడానికి చదువు అక్కరలేదు. ఎడమచెయ్యి కొంచెం పైకెత్తి నీ వైపు చూపింది. ఏం కావాలమ్మా, నీళ్ళా అన్నాను. ఆ పూట నుంచి నేను బయలుదేరేదాకా నా చేతి నీళ్ళు తాగలేదు. చిన్నబిడ్డ పోతాందని అలిగింది అని నువ్వు అందరికీ చెప్పావు. నేను విని ఊరుకున్నాను.

నవంబరు మూడు, శనివారం పగటి బస్సుకు వస్తున్నాను. నాలుగున ఆదివారం, ప్రభువు బల్ల రొట్టె పంచకముందు, సంఘం ఎదుట నిలబడి ఐదు కార్డుల సంగతి చెబుతాను. ఆపమని అయ్యగారు చెప్పినా ఆగను. ఆ సాయంత్రం బస్సుకు నల్లగొండ తిరిగి వస్తాను. ఉద్యోగం మానను.