రాబ్ వీపు తెల్లబడింది

గ్లెన్‌రోథెస్, గురువారం, మార్చి 1960

అమ్మా, మేమిద్దరం కులాసానే. ముందు ఆ మాట నమ్మి తర్వాత మిగతాది చదువు.

కొత్త ఊళ్ళో ఇల్లు బాగుంది. స్నానాల తొట్టి ఇంట్లోనే ఉంది, కుళాయి తిప్పితే వేడినీళ్ళు. నిన్న రాబ్ బొగ్గుగని నుంచి వచ్చి చొక్కా విప్పితే వీపు మసి లేకుండా తెల్లగా మెరిసింది. వెన్ను బలం పోతుందని నాన్నలాగే నీ అల్లుడూ వీపుకి నీళ్ళు తగలనివ్వడు కదా!

"ఎవరు కడిగారు?" అన్నాను.

"ఎవరూ కడగలేదే పిల్లా. గని పైకప్పు నుంచి నీళ్ళు వాటంతట అవే కారాయి. ఇంత ఊరు ఆ గని కోసమే కట్టారు, నీళ్ళ సంగతి చూసుకోకుండా కడతారా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇక్కడ కూడా బట్టలుతికేది సోమవారమే. అయినా ఇవాళ మా వరసలో ప్రతి పెరట్లోనూ గని చొక్కాలు ఆరుతున్నాయి. ఆడవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నాన్నకి దగ్గు తగ్గిందా? నా అల్లిక సూదులు పంపు. నీళ్ళు ఎంత కారితే గనిలో దిగడం మానాలో నాన్నని అడిగి వెంటనే రాయి. గనిలో పనికి వస్తానంటున్న తమ్ముడు ఆర్చీకి గది ఇంకా తయారవలేదని చెప్పు. తయారైంది, పరుపు కూడా వేశాను. వాణ్ణి పంపకు.

మిమ్మల్నందరినీ దేవుడు చల్లగా చూడాలి. మా ఆయన్ని మాత్రం పొడిగా ఉంచితే చాలు.

నీ నెట్టీ