చెయ్యి అందేటంత ఎత్తు

వీరేందర్,

బావను రాస్తున్న. ఫోన్ల చెప్పే ధైర్యం లేదు. మా పెరట్ల నువ్వు కట్టిన చిన్న జలపాతం కాడ, నాచు పట్టిన బండ మీద జారి పడి మీ అక్క పోయిందని, నీ తప్పేనని నువ్వు తిండి మానేసినవట. నీ బండలు మంచిగనే ఉన్నయి.

మా ఇంటి మీదికెళ్లి పోయే విమానాల మోత ఇనరాకుండ మీ అక్కకు జర నిద్ర పడుతదని అది కట్టించిన. కానీ ఆమె పాల్మాకుల ఊర్ల బోరింగు కొట్టి బిందెలు మోసిన మనిషి. అవే నీళ్లు మళ్ల మళ్ల తిరుగుతయని ఎంత చెప్పినా, "నీళ్లు వట్టిగ పోతున్నయి" అని పోయి మోటర్ బంద్ చేసేది. నాకు కోపమొచ్చింది. వానకు తడుస్తదని నీకు అబద్ధం చెప్పి, స్విచ్ గోడకు ఎత్తుల పెట్టించిన.

ఆ పొద్దు స్టూల్ ఎక్కింది. నేను పోయేసరికి ఆమె స్టూల్ పక్కన పడి ఉన్నది. స్టూల్ లోపల పెట్టినంకనే అందరిని పిలిచిన.

నెల నుంచి మోటర్ నడుస్తనే ఉన్నది. బంద్ చెయ్యనీకె నాకు చెయ్యి వస్తలేదు. నువ్వొచ్చి ఆ స్విచ్ కిందికి దించు. మీ అక్కకు అందేటంత ఎత్తుల పెట్టు.