బావ కెమెరాలో కొంగలు

ఆత్తిపట్టు,
గురువారం.

అక్కకు, చిన్నోడు మురళి మొక్కి రాసేది. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, పాప, తిరుత్తణి ఫోటో స్టూడియో చక్రవర్తి అయిన మా బావగారు క్షేమమని తలుస్తాను. ఫోనులో చెబితే ఆయన స్పీకరు పెట్టి వింటాడు కాబట్టి ఈ ఉత్తరం.

పవర్ ప్లాంటు పనికి అలవాటు పడ్డాను. మెస్సు సాంబారుకు ఇంకా పడలేదు. ఆదివారం గదిలో ఊరికే కూర్చుంటే పాప గుర్తొస్తుంది. అందుకే తెల్లారగానే కెమెరాతో ఉప్పునీటి వాగు గట్టుకు పోతున్నాను.

కెమెరా ఇచ్చేటప్పుడు బావ నీ ముందే అన్నాడు కదా: "నెల లోపల నా స్టూడియో గోడకు తగిలించే ఫోటో ఒకటి తీస్తివా, కెమెరా నీది. లేదంటే మర్యాదగా తెచ్చిచ్చేయ్ రా."

తిరుత్తణి కొండమీద గుడిలో గుండు గీయించుకుని గంధం పూసుకున్న తలలను తీసీ తీసీ ఆయన కనిపెట్టిన వేదం ఒకటుంది: మెరిసేది కనబడితే వెలుగు తగ్గించు. ఇక్కడ పొద్దుటి పొగమంచు మీద ఎండ పడి వాగంతా తెల్లగా మెరుస్తుంది. నేను భక్తితో మూడు ఆదివారాలు వెలుగు తగ్గించాను.

ఆ ఫోటోలను నా గదిలో ఉండే కడంబత్తూరు శేఖరన్న చూశాడు.

"ఏమప్పా, కాకుల కోసరమా ఇంత పొద్దున్నే లేస్తావుండావు?"

"అవి తెల్లకొంగలన్నా."

"అయ్యో పాపం. యాడ కాలిపోయినాయో."

అప్పుడు ఆలోచించాను. గుండు అయితే తల ఒక్కటే మెరుస్తుంది. మంచులో అంతా మెరుస్తుంది. కెమెరా బెదిరి తనే వెలుగు తగ్గించేస్తుంది. దాని మీద నేనూ తగ్గించాను. మొన్న ఆదివారం బావకు మనసులో క్షమాపణ చెప్పి, వెలుగు రెండు గీతలు పెంచాను. కొంగ కొంగలాగే వచ్చిందక్కా. ముక్కు చివర నీటిబొట్టు కూడా కనబడుతోంది. శేఖరన్న చాలాసేపు చూసి, "మా ఇంటికొకటి ఇస్తావా?" అన్నాడు.

రెండు ఫోటోలు పెడుతున్నాను. ఒకటి బావ ఆజ్ఞ పాటించింది, ఇంకొకటి ధిక్కరించింది. ఏది గోడకెక్కాలో ఆయనే తీర్పు చెప్పాలి. నా మఫ్లరు వెతికిపెట్టు, మంచుకు చెవులు రాజీనామా ఇచ్చేటట్టున్నాయి.

అవ్వకు, పక్కింటి మామకు నా దండాలు. మీ అందరి దీవెన నా నెత్తిన ఉండాలి. ఆదివారం వస్తున్నాను. మాట ప్రకారం కెమెరా తెస్తాను. చార్జరు మాత్రం ఇక్కడే పెట్టి వస్తాను.

నీ తమ్ముడు,
మురళి